గోటికి అందని పచ్చి

పది దాటి అయిదు నిమిషాలకు నిదానం లాకప్పు ముందు బల్ల మీద కూర్చున్నాడు. ఆయన అసలు పేరు పెట్టి పిలిచేవాళ్ళు ఇప్పుడు ఎవరూ లేరు. దొంగ దొరికినా దొరక్కపోయినా ఒకే నడక నడుస్తాడని పోలీసులు పెట్టిన పేరు అది. పాతికేళ్ళుగా ప్రైవేటు డిటెక్టివ్. అంతకు ముందు తొమ్మిదేళ్ళు అరిగిన టైర్లకు కొత్త రబ్బరు అంటించే షాపులో పని చేశాడు.

ఊచల అవతల మేస్త్రీ ఉన్నాడు. రబ్బరు ఫ్యాక్టరీలో పచ్చి రబ్బరుకు గంధకం, మసి కలిపే మనిషి. ముప్పై ఏళ్ళుగా అదే పని. ఎంత తోమినా వదలని మసి గోళ్ళ చుట్టూ గీత గీసినట్టు ఉంది.

జరిగింది ఇది. నిన్న ఉదయం తొమ్మిదీ నలభైకి లాంచీల రేవులో రబ్బరు మోకు ఒకటి తెగింది. చెయ్యంత లావు, నిలువెత్తు పొడవు. లాంచీకి, గట్టు మీది ఇనప గుంజకు మధ్య కడతారు. నీళ్ళు ఊగితే సాగుతుంది, మళ్ళీ లాక్కుంటుంది. తెగిన ముక్క కొరడాలా వెనక్కి వచ్చి, లాంచీ కట్టే మనిషి రొమ్ము మీద కొట్టింది. ఆసుపత్రికి చేరేలోపే పోయాడు. సాయంత్రం ఆరింటికి మేస్త్రీ తనంతట తనే స్టేషనుకు వచ్చి తప్పు నాదే అన్నాడు. ఈ రోజు నాలుగింటికి కోర్టులో పెడతారు.

పొద్దున్న ఎనిమిదింటికి మేస్త్రీ కూతురు నిదానం ఇంటికి వచ్చింది. ఆమె కూడా ఆ ఫ్యాక్టరీలోనే ప్రెస్సు దగ్గర పని చేస్తుంది. "మా నాన్న అబద్ధం చెప్తున్నాడు సార్. ఎందుకో నాకూ అంతు పట్టడం లేదు. సాయంత్రానికి జైలుకు పంపేస్తారు" అంది. ఏడవలేదు. అది నిదానానికి నచ్చింది.

"వంద కిలోల రబ్బరుకు గంధకం ఎంత?" అని అడిగాడు మేస్త్రీని.

"రెండున్నర."

"ఆ రోజు ఎంత వేశావు?"

"సగం."

"ఎందుకని?"

"మర్చిపోయాను."

"మర్చిపోతే మొత్తం మర్చిపోతావు. సగం మర్చిపోవడం ఏమిటయ్యా?"

"వయసు మీద పడింది. రాసుకోండి."

"రాసేవాడు పక్క గదిలో ఉన్నాడు. నేను వినేవాణ్ణి. మిగతా సగం ఏం చేశావు? ఇంటికి పట్టుకుపోయావా?"

మేస్త్రీ అప్పుడు తల ఎత్తాడు. "ముప్పై ఏళ్ళలో చెంచాడు గంధకం గేటు దాటించలేదు. మాట తిన్నగా రానివ్వండి."

"తప్పు చేశానని ఒప్పుకున్నవాడికి ఇంత రోషమా?"

మేస్త్రీ మళ్ళీ తన గోళ్ళ వైపు చూసుకున్నాడు.

"మా అమ్మాయి మీ దగ్గరికి వచ్చిందా?"

"వచ్చింది."

"ఫ్యాక్టరీకి మాత్రం వెళ్ళకండి బాబూ. అక్కడ చూసేదేం లేదు."

నిదానం లేచాడు. ఎక్కడికి వెళ్ళాలో ఆయనకు అప్పుడు తెలిసింది. అయితే ముందు తెగిన సరుకును చూడాలి.

రేవుకు చేరేసరికి పదకొండు. తాడు కట్టి దారి మూశారు. తాడుకు అవతల ఇన్‌స్పెక్టరు నిలబడి ఉన్నాడు. నిదానం భార్యకు ఒక్కడే తమ్ముడు. చిన్నప్పుడు బావ సైకిలు ఎక్కి తిరిగినవాడు, ఇప్పుడు జీపు ఎక్కి తిరుగుతున్నాడు.

"రా బావా. నువ్వు బయల్దేరావని అక్క ఫోను చేసింది."

"మీ అక్క నీకు అన్నీ చెప్తుంది. నాకే పొద్దున్న కళ్ళజోడు ఎక్కడుందో చెప్పలేదు."

"ముక్కు మీద ఉందిగా."

"ఇప్పుడుంది. తెగిన ముక్క చూపించు."

"చూసి ఏం చేస్తావు? ఒప్పుకున్న ముద్దాయి లోపల ఉన్నాడు. పోయినవాడి భార్య రాత్రంతా స్టేషను మెట్ల మీదే కూర్చుంది. పొద్దున్న, మనిషి దొరికాడమ్మా అని చెప్పి ఇంటికి పంపించాను. ఇప్పుడు నువ్వొచ్చి కాదంటే ఆవిడ మొహం ఎవరు చూస్తారు, నువ్వా?"

"తప్పు మనిషిని చూపించి పంపితే, మళ్ళీ పిలిచేటప్పుడు ఇంకా కష్టం కదురా."

బావమరిది పళ్ళు బిగించాడు గాని పక్కకు తప్పుకున్నాడు.

ముక్క గోనెపట్టా మీద ఉంది. ఒక చివర అచ్చులో పడిన అంకె: ముప్పై ఒకటి. నిదానం మోకాళ్ళ మీద కూర్చుని తెగిన మొహం చూశాడు. చుట్టూ బొటనవేలి మందాన రబ్బరు నల్లగా, బిగువుగా ఉంది. అక్కడి చీలిక పదునుగా ఉంది. మధ్య భాగం వేరు. కాంతి లేదు. కొన్ని చోట్ల పీచులా సాగి, ముడుచుకోకుండా అలాగే ఉండిపోయింది. వేలు పెట్టి నొక్కితే దిగింది, తీస్తే గుంట మిగిలింది. వాసన చూశాడు. పచ్చి రబ్బరు వాసన.

పక్క గుంజకు ఇంకో మోకు ఉంది. దాని అంకె ఇరవై తొమ్మిది. రేవు గుమాస్తాను అడిగితే రెండూ ఒకే రోజు, పన్నెండు రోజుల క్రితం కట్టామన్నాడు. నిదానం మేస్త్రీ కూతురికి ఫోను చేసి ఒక్క ప్రశ్న అడిగాడు. ఇరవై ఎనిమిది నుంచి ముప్పై మూడు దాకా ఆరు మోకులూ మేస్త్రీ ఒకే వాయిలో కలిపిన రబ్బరుతో చేసినవేనని ఆమె చెప్పింది.

"దీని నుంచి ఒక పొర, దాని కొక్కేనికి అవతల, లాగుడు పడని కొస నుంచి ఒక పొర కోసుకుంటాను" అన్నాడు.

"సాక్ష్యం అది! ఫలహారం కాదు కోసుకోవడానికి."

"నీ ముందే కోస్తాను. కాగితం మీద నువ్వే రాసి సంతకం పెట్టు."

పలుచటి పొరలు రెండు కోశాడు. సీసా మూత ఒకటి తీసుకుని, దాని అంచు ఒత్తి, ప్రతి పొరలో పై భాగం నుంచి ఒక బిళ్ళ, మధ్య నుంచి ఒక బిళ్ళ తీశాడు. నాలుగు బిళ్ళలూ ఒకే కొలత. గుమాస్తా గదిలో నాలుగు గాజు గ్లాసులు తెప్పించి, బిళ్ళకు ఒక గ్లాసు చొప్పున వేసి, పెట్రోలు పోసి, పైన పళ్ళేలు మూతపెట్టాడు. గ్లాసుల మీద చీటీలు అంటించాడు. అప్పుడు పదకొండున్నర.

"ఏమిటి బావా ఇది, ఊరగాయా?"

"రెండు గంటలు ఆగు."

"నాలుగింటికి కోర్టు ఉంది నాకు. మూడింటికి రేవు తెరవాలి. నిన్నటి నుంచి అవతలి ఒడ్డు జనం అక్కడే, ఇవతలి జనం ఇక్కడే."

"ఒంటిగంటన్నర అవుతుంది. మూడుకు ముందే వస్తుంది ఒంటిగంటన్నర."

కూర్చున్నారు. నిదానం సామాన్యంగా మాట్లాడడు. బావమరిదికి మౌనం పడదు. పావుగంట ఓర్చుకుని, "సరే, చెప్పు. ఏం చూస్తున్నావు?" అన్నాడు.

"రబ్బరంటే ఏమనుకున్నావు? పొడుగాటి దారాల చిక్కు. ఒట్టి చిక్కును లాగితే ఏమవుతుంది? దారాలు ఒకదాని మీంచి ఒకటి జారతాయి. సాగుతుంది గాని వెనక్కి రాదు. అక్కడక్కడ దారానికీ దారానికీ ముడి పడాలి. అప్పుడది వల అవుతుంది. లాగితే సాగుతుంది, వదిలితే వస్తుంది."

"మరిన్ని ముడులు వేస్తే ఇంకా మంచిదా?"

"మరీ ఎక్కువైతే బిర్రబిగిసిపోయి, కాస్త లాగగానే పుటుక్కుమంటుంది. మోకుకు ఎన్ని ముడులు కావాలో లెక్క ఉంది. ముడి వేసేది గంధకం. గంధకం చేత ముడి వేయించేది వేడి. రెండూ ఉండాలి."

"గంధకం సగం వేశానని వాడే చెప్పాడుగా. ముడులు సగం. తెగింది. అయిపోయింది కథ."

"అందుకే పెట్రోలు. వల బిగువుగా ఉంటే పెట్రోలు లోపలికి పోలేదు, బిళ్ళ కొంచెమే ఉబ్బుతుంది. వదులుగా ఉంటే తాగి తాగి ఉబ్బుతుంది. ముడులే లేకపోతే కరిగిపోతుంది. ముడులు కళ్ళకు కనబడవు, ఉబ్బు కనబడుతుంది. టైర్ల షాపులో మా మేస్త్రీ నేర్పాడు. ఆయనకు చదువు లేదు, నాకూ లేదు."

"నాకు ఉంది. అయినా అర్థమైంది" అన్నాడు బావమరిది.

ఒంటిగంటన్నరకు పళ్ళేలు తీశారు. నిదానం పట్టకారుతో ఒక్కో బిళ్ళ తీసి, అదే సీసా మూత పక్కన పెట్టాడు. ఇరవై తొమ్మిది పై బిళ్ళ మూతకు చుట్టూ ఓ నూలుపోగంత పెరిగింది. మధ్య బిళ్ళ కూడా అంతే పెరిగింది. ముప్పై ఒకటి పై బిళ్ళ కూడా దాదాపు అంతే. ముప్పై ఒకటి మధ్య బిళ్ళను తీయబోతే పట్టకారుకు రాలేదు. గ్లాసు అడుగున నల్లటి జిగురై కూర్చుంది.

బావమరిది గ్లాసును వెలుతురుకు పట్టుకుని చూశాడు.

"గంధకం సగమే పడితే పైనా లోపలా ఒకేలా ఉబ్బాలి" అన్నాడు నిదానం. "పైగా అదే వాయిలోది ఇరవై తొమ్మిది కూడా ఉబ్బాలి. ఉబ్బలేదు. మేస్త్రీ గంధకం సరిగ్గానే వేశాడు. ఈ మోకు పైన ఉడికింది, మధ్యలో పచ్చిగా ఉండిపోయింది. మధ్య భాగం బరువు మొయ్యలేదు, సాగి ఊరుకుంది. మొత్తం లాగుడు చుట్టూ ఉన్న ఆ బొటనవేలి మందం ఒక్కటే మోసింది. పన్నెండు రోజులు మోసింది."

"అంటే ఉడకబెట్టిన చోట తప్పు."

"అవును."

ఇన్‌స్పెక్టరు గ్లాసు కింద పెట్టాడు. "బావా, నీ మీద గౌరవంతో చెప్తున్నా. ఈ గ్లాసులు పట్టుకుని కోర్టుకెళ్తే జడ్జిగారు నన్ను నవ్వి పంపిస్తారు. నా దగ్గర సంతకం పెట్టిన ఒప్పుకోలు ఉంది. నీ దగ్గర పెట్రోలు ఉంది. కాగితం తీసుకురా. ఏ రోజు, ఏ టైము, ఏ ప్రెస్సు, రాసున్న కాగితం. నాలుగు లోపు తెస్తే ముసలాణ్ణి వదిలేస్తా. తేకపోతే సాయంత్రం బండిలో పంపిస్తా. ఇంకో మాట, అక్కకు ఫోను చేసి నా మీద చెప్పకు."

"చెప్పను. తనే కనుక్కుంటుంది."

ఫ్యాక్టరీకి వెళ్ళేసరికి రెండూ అయిదు. ప్రెస్సు గదిలో మేస్త్రీ కూతురు తోలు చేతి తొడుగులు తీసి ఎదురొచ్చింది. వెనక మేనేజరు. ఇస్త్రీ చొక్కా, చేతిలో తాళాల గుత్తి.

"మేస్త్రీ ఒప్పుకున్నాడు కదండీ. ఇంకా ఏం చూస్తారు?" అన్నాడు మేనేజరు.

"పుస్తకాలు" అన్నాడు నిదానం.

ప్రెస్సు రిజిస్టరు తెరిచారు. మూడు వారాల కిందటి పేజీలో ముప్పై ఒకటో మోకు ఉంది. అచ్చులో పెట్టింది పదీ అయిదుకు, తీసింది పదకొండింటికి. సరిగ్గా యాభై అయిదు నిమిషాలు. గోడ మీద చార్టులో కూడా యాభై అయిదే ఉంది.

"చూశారా? ఒక్క నిమిషం తేడా లేదు" అన్నాడు మేనేజరు.

"గడియారం సరిగ్గానే ఉంది. ఆవిరి ఎక్కడి నుంచి వస్తుంది?"

పెరటి వైపు బాయిలరు గది. బాయిలరు మనిషి పెద్దవాడు, చెవుడు. అతని పుస్తకం వేరు. అది ప్రెస్సు గదిలోకి వచ్చే పనే లేదు, ప్రెస్సు రిజిస్టరు బాయిలరు గదిలోకి పోయే పనీ లేదు. రెండు గదుల మధ్య ముప్పై అడుగులు, ఒక తలుపు. రెండు పుస్తకాలూ పక్కపక్కన పెట్టి చూసినవాళ్ళు లేరు.

నిదానం గట్టిగా తేదీ చెప్పాడు. బాయిలరు మనిషి పేజీ తిప్పకుండానే తెరిచాడు. పేజీల మధ్య ఓ చీపురుపుల్ల గుర్తుగా ఉంది.

"ఇక్కడ పుల్ల ఎవరు పెట్టారు?"

"మేస్త్రీ. నిన్న మధ్యాహ్నం వచ్చి ఇదే పేజీ అడిగాడు. చదివి, చాలాసేపు ఆ స్టూలు మీద కూర్చున్నాడు. ఒంట్లో బాలేదా అన్నాను. పుల్ల పెట్టి వెళ్ళిపోయాడు."

పేజీలో పెన్సిలుతో రాసుంది. వాల్వు కారుతున్నది. ఆవిరి బందు, పదీ ఇరవై. మళ్ళీ వదిలినది, పదీ యాభై.

నిదానం పుస్తకం తీసుకుని ప్రెస్సు గదిలోకి వచ్చాడు. బల్ల మీద రెండు పుస్తకాలనూ ఆనించి పరిచాడు. అమ్మాయి వంగి చదివింది. యాభై అయిదు నిమిషాల్లో ముప్పై నిమిషాలు ఆవిరి లేదు.

"ప్రెస్సు మీద ఆవిరి మీటరు ముల్లు పడిపోవడం నువ్వు చూడలేదా అమ్మా?"

"చూశాను సార్." దాచలేదు ఆమె. "వెళ్ళి మేనేజరు గారిని అడిగాను. లైను ఆపకు, టైమయ్యాక గోరు చూసి తియ్యి అన్నారు. చూశాను. గుర్తు పడలేదు. తీసేశాను."

"గోరు చూడటమంటే?"

"అచ్చు తెరవగానే గోటితో నొక్కుతాం. గుర్తు పడి ఉండిపోతే పచ్చి. వెంటనే మాసిపోతే ఉడికినట్టు. అందరం అలాగే చూస్తాం."

"ఎక్కడ నేర్చుకున్నావు?"

"వాషర్ల దగ్గర. నాలుగేళ్ళు అక్కడే ఉన్నాను కదా. ఈ పెద్ద ప్రెస్సుకు వచ్చి నెల్లాళ్ళే అయింది. గోరు చూడటం నేర్పింది..."

అక్కడ ఆగింది.

నిదానం ఆమె తరఫున ఆ వాక్యం పూర్తి చెయ్యలేదు. వాషరు మందం ఎంత, మోకు మందం ఎంత అని కూడా అనలేదు. ఆమె తన బొటనవేలి గోరు చూసుకుంది. తరవాత ప్రెస్సులో అప్పుడే పెట్టిన అచ్చు వైపు చూసింది.

"గోరు పైనే కదా దిగుతుంది" అంది మెల్లగా. "మధ్యలో ఏముందో దానికెలా తెలుస్తుంది? నాన్న నాకు వాషర్లకు చెప్పాడు. లావు సరుకుకు పనికిరాదని చెప్పలేదు. నేను ఇక్కడికి మారినప్పుడైనా చెప్పలేదు. మర్చిపోయి ఉంటాడు."

"మర్చిపోయానని నాతోనే అన్నాడు పొద్దున్న" అన్నాడు నిదానం. "దేన్ని మర్చిపోయాడో మాత్రం మార్చి చెప్పాడు."

మేనేజరు గొంతు సవరించుకున్నాడు. "నేను లైను ఆపొద్దన్నాను గాని, పచ్చి సరుకు తియ్యమనలేదు. రోజుకు పదిమంది పదిసార్లు అడుగుతారు, అన్నీ గుర్తుంటాయా?"

అమ్మాయి ఆయన మాట వినలేదు. రిజిస్టరులో కింది గీత మీద వేలు పెట్టింది. నిదానం వైపు తిరిగింది.

"సార్, ఆ రోజు రెండో ప్రెస్సు కూడా నేనే చూశాను. రెండింటికీ ఆవిరి ఒకటే గొట్టం. అందులో ముప్పై రెండు ఉంది."

"ఇప్పుడెక్కడుంది అది?"

ఆమె మేనేజరును చూసింది. మేనేజరు తాళాల గుత్తిని చూసుకున్నాడు.

"స్పేరుగా ఉంచాం. తెగినదాని బదులు నిన్న సాయంత్రమే రేవుకు పంపించాం" అన్నాడు.

గోడ గడియారంలో రెండూ యాభై రెండు. నిదానం బల్ల మీది ఫోను అందుకున్నాడు. అవతల ఎంతసేపటికీ ఎత్తలేదు. రెండోసారి చేశాడు. ఎత్తారు. వెనక జనం మాటలు, ఎవరిదో పిల్ల ఏడుపు.

"ఏంటి బావా? కాగితం దొరికిందా?"

"కొత్తగా కట్టిన మోకు మీద అంకె చదువు."

"ఇప్పుడా? జనం ఎక్కుతున్నారు..."

"చదవరా."

అడుగుల చప్పుడు. "ముప్పై రెండు."

"అదీ పచ్చిదే. అందరినీ దించు. మోకు సాగే వరసలో ముందూ వెనకా ఎవరినీ నిలబడనీకు. నువ్వు కూడా నిలబడకు."

బావమరిది ఈసారి ఒక్క ఎదురు ప్రశ్న వెయ్యలేదు. ఫోను చేతిలో పట్టుకునే అరవడం మొదలుపెట్టాడు. ఇవతల ముగ్గురూ ఆ అరుపులు విన్నారు. దిగండి, అటు కాదు, ఇటు, ఒక్క పక్కకే తోసుకోకండి, లాంచీ ఊగుతోంది, అమ్మా సామాను తరవాత, ముందు నువ్వు దిగు. ఎవరో తిట్టారు. ఇనుము మీద ఇనుము రాసుకుంది. తరవాత ఫిరంగి పేలినట్టు ఒక్క చప్పుడు.

అమ్మాయి బల్ల అంచు పట్టుకుంది.

ఫోనులో చాలాసేపు గాలి తప్ప ఏమీ లేదు.

"బావా." బావమరిది రొప్పుతున్నాడు. "ఖాళీ గట్టు మీద పడింది. గుమాస్తా గది తలుపు రెండు ముక్కలైంది. మనుషులకు ఏం కాలేదు. లెక్క పెట్టాను, నలభై ముగ్గురు." ఇంకాస్త ఊపిరి తీసుకున్నాడు. "ఇప్పుడు చెప్పు. ఆ రోజు ప్రెస్సు దగ్గర ఎవరున్నారు?"

నిదానానికి ఈ పని అప్పగించిన మనిషి ఎదురుగా నిలబడి ఉంది. ఆమే చెయ్యి చాపి ఫోను తీసుకుంది.

"నేనే సార్. ముప్పై ఒకటీ, ముప్పై రెండూ, రెండూ నేనే తీశాను. మా నాన్నకు ఏ సంబంధమూ లేదు. ఆయన్ని వదిలెయ్యండి. నేను వస్తాను."

"నిన్న మీ నాన్న కూడా అచ్చం ఇలాగే వచ్చి చెప్పాడమ్మా" అన్నాడు ఇన్‌స్పెక్టరు. "ఆయనది నమ్మి మోసపోయాను. రేపు నీది నమ్మి ఇంకో మోకు తెగితే? మాటలు ఇక చాలు. రెండు పుస్తకాలూ పట్టుకుని నాలుగు లోపు బావతో కోర్టుకు రా. అందులో ఏముంటే అదే జడ్జిగారికి చెప్తాను. ముల్లు పడిందని నువ్వు ఎవరికి చెప్పావో, ఎవరు తియ్యమన్నారో, అదీ చెప్పాలి. భయపడకు."

"తెస్తాను సార్" అని ఫోను పెట్టేసి ఆమె బల్ల వైపు తిరిగింది.

బల్ల మీద ప్రెస్సు రిజిస్టరు ఒక్కటే ఉంది. దానికి ఆనించి పెట్టిన బాయిలరు పుస్తకం లేదు. మేనేజరు నిలబడిన చోట మేనేజరూ లేడు. పెరటి వైపు తలుపు ఇంకా ఊగుతోంది. దాని అవతల, ముప్పై అడుగుల దూరంలో, బాయిలరు పొయ్యి ఇనప తలుపు తెరుచుకున్న చప్పుడు ఇద్దరికీ వినిపించింది.